సులువైన నడక ఎవరికి సులువు?

ముందుగా నా తెలివితక్కువతనం ఒప్పేసుకుంటాను. ఆ తర్వాత ఎవరి మీద కోప్పడినా కాస్త అర్హత ఉంటుంది.

జీవశాస్త్రం మాస్టారుగా ఇరవై మూడేళ్ళు పనిచేసేవరకూ నేను పిల్లల్ని బడి గేటు దాటించి ఒక్క బతికున్న ఆకు చూపించలేదు. నా పాఠమంతా గోడ మీది చార్టుల్లోనే పూసేది, అక్కడే కాసేది, అక్కడే రాలేది. మా ల్యాబులో ఫార్మలిన్ సీసాలో ఒక కప్ప ఉండేది, సర్వీసులో నాకంటే సీనియరు. ఇద్దరం ఒకే గదిలో, ఒకే రకంగా, కదలకుండా ఉద్యోగం చేశాం. అలాంటి నాకు ఒక ఏప్రిల్లో, కొత్త తరగతులు మొదలవగానే, పైనుంచి కాగితం వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లల్ని నాలుగైదు రకాల ఆవాసాల గుండా ఒక సులువైన చిన్న నడకకు తీసుకెళ్ళాలట. ఆవాసం అంటే మొక్కో పురుగో పిట్టో తన ఇల్లనుకునే చోటు: ఒక చెరువు, ఒక పొలం, ఒక అడవి ముక్క, ఒక గడ్డి గట్టు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగిందంతా ఆ కాగితం తర్వాత తొమ్మిది నెలల్లో నేర్చుకున్నదే. మిగతా సర్వీసంతా హాజరుపట్టీ.

టైమ్‌టేబుల్ మాస్టారు

మా నాన్న బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పలాస అవతలి పల్లె నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మా ఇంట్లో పొయ్యి రాజెయ్యడం, స్నానాలు, తిట్లు, నిద్ర అన్నీ వర్క్‌షాపు సైరను ప్రకారమే జరిగేవి. అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి నడక ప్లాను చెయ్యమంటే ఏం చేస్తాడు? టైమ్‌టేబుల్ వేస్తాడు. నేనూ అదే చేశాను.

ఒక మ్యాపు సంపాదించి, స్కేలు పెట్టి, బడి నుంచి ఊరి బయట సాలువా వైపు తిన్నగా గీత గీశాను. గీత దారిలో చెరువు ఉంది, పొలాలు ఉన్నాయి, సాల్ చెట్ల అడవి ఉంది. మన వైపు గుగ్గిలం చెట్టు అంటారే, అదే. అటూ ఇటూ కలిపి తొమ్మిది కిలోమీటర్లు. ప్రతి చోటుకీ చేరే సమయం, బయల్దేరే సమయం, ఆగే నిమిషాలు వేశాను. చెరువు దగ్గర నాలుగు నిమిషాలు. నాలుగు! కొంగ కూడా ఒక్క చేప కోసం అంతకంటే ఎక్కువసేపు నిలబడుతుంది. ఆ కాగితం మీద నా అక్షరాలు చూసుకుని నేనే మురిసిపోయాను.

పావని అని ఒక పిల్ల ఉండేది ఆ తరగతిలో. చిన్నప్పుడు ఎముకకు జబ్బు చేసి ఎడమ కాలు పొట్టిగా ఉండిపోయింది. గోల్ బజారులో చెప్పులు కుట్టే ఒకాయన అట్ట మందంగా వేసి కుట్టిచ్చిన బూటుతో నడిచేది. తండ్రి నిమ్‌పురా రైల్వే యార్డులో పని. నోరు మాత్రం రెండు కాళ్ళ మీద పరిగెత్తేది.

"మాస్టారూ, నాను రావొచ్చునా?" అని అడిగింది ముందురోజు.

హెడ్మాస్టరుగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన నా టైమ్‌టేబుల్ చూశారు. చూశారంటే కాగితం చేత్తో పట్టుకున్నారు. "ఈ పిల్ల వస్తే మీ టైములన్నీ తారుమారు అవుతాయి కదండీ. ల్యాబులో కూర్చోబెట్టండి" అన్నారు. ఇక్కడ నేను ఆయన మీద కోప్పడ్డానని మీరు అనుకుంటే అది మీ మంచితనం. ఆయన చెప్పింది నా కాగితంలో ఉన్నదే. నేను తిరిగొచ్చి ఆ పిల్లతో, "బండి ఎవరి కోసమూ ఆగదమ్మా" అన్నాను. ఆ మాట అన్నది ఆయన కాదు, నేను.

మర్నాడు నలభై రెండు మందితో బయల్దేరాను. చెరువు ఉండాల్సిన చోట పగుళ్ళిచ్చిన మట్టి ఉంది. మ్యాపులో నీలం రంగు ఏ నెలలో వేశారో ఎవడు అడిగాడు? పొలాల్లో మోళ్ళు. నా గీత ఒకచోట యార్డు కంచెలోకి వెళ్ళింది, చుట్టూ తిరగాల్సి వచ్చింది. పదిన్నరకల్లా నీళ్ళ సీసాలు ఖాళీ. ఎర్ర గరప నేల కింద నుంచి కాలుస్తోంది, సూర్యుడు పైనుంచి. మా ల్యాబు అటెండరు నిమాయ్ దా బెంగాలీ, దా అంటే అన్న; ఆయనది ఆ వైపు పల్లెటూరు. ఆయనే మమ్మల్ని తన చిన్నాన్న ఇంటికి తీసుకుపోయి అందరికీ నీళ్ళూ మరమరాలూ పెట్టించాడు. మా తెలుగు బడిలో ఏళ్ళ తరబడి పనిచేసి ఆయన తెలుగు మా అందరి తెలుగు కంటే రుచిగా తయారైంది.

"మాస్టర్‌మొశాయ్, మీరు కాగోజ్ మీద బాగా నడిచినారు" అన్నాడు నా చేతికి చెంబు ఇస్తూ. "మాటీ మీద ఒక్కసారి నడిచి సూసినారా?"

లేదు. అది నా వృత్తి జీవితంలో నన్ను ఎవరైనా అడిగిన అతి మంచి ప్రశ్న.

మూడు గంటలు ఆలస్యంగా బడికి చేరాం. ఖరగ్‌పూర్ చరిత్రలో అంత లేటయిన పాసింజరు ఉండదు. ల్యాబులో పావని పొద్దుటి నుంచీ ఒక్కతే కూర్చుని ఉంది.

"ఏటి సూసినారు?" అని అడిగింది తోటి పిల్లల్ని.

"ఎండ" అన్నాడొకడు.

"నాను కప్పని సూసినాను. అదీ కదల్లేదు, నానూ కదల్లేదు."

నవ్వుతూనే అంది. నవ్వకుండా అని ఉంటే బావుండేది.

ఎవరిని అడిగి రాశారు?

"సులువు" అన్న మాట మీద నాకు అప్పుడు పట్టుకున్న కోపం ఇప్పటికీ వదల్లేదు. బస్సు యాత్రల కాగితాల్లో రాస్తారు, పార్కుల బోర్డుల మీద రాస్తారు, ఇప్పుడైతే ఫోన్లలో చెట్టు బొమ్మ పెట్టి మరీ పంపిస్తారు: అందరికీ సులువైన నడక అని. ఎవరు రాశారు? రెండు మోకాళ్ళూ బాగున్నవాడు రాశాడు. ఎప్పుడు రాశాడు? కుర్చీలో కూర్చుని రాశాడు. ఆయాసం ఉన్న ముసలాయన్ని అడిగాడా, కడుపుతో ఉన్న మనిషిని అడిగాడా, చంకలో పిల్లాడున్న తల్లిని అడిగాడా? తనకు సులువైంది అందరికీ సులువనుకోవడం చదువుకున్నవాళ్ళకి మాత్రమే వచ్చే జబ్బు. బడుల్లో ఇది అంటువ్యాధి. పిల్లలకు నడత నేర్పుతామని చెప్పుకునే చోట, పక్కవాడి నడక ఎలాంటిదో చూసే నాథుడు లేడు.

ఒక ఆదివారం నిమ్‌పురాలో పావని వాళ్ళ క్వార్టరుకి వెళ్ళాను. వాళ్ళ నాయనమ్మ తలుపు తీసింది.

"ఏటి మాస్టారూ, మా గుంట ఏటి సేసినాది?"

"పిల్ల ఏం చెయ్యలేదమ్మా. తప్పు నేను చేశాను."

"అయితే కూకోండి, టీ ఎడతాను" అంది ముసలమ్మ. తప్పు చేసినవాళ్ళకి టీ ఇవ్వడం ఆవిడ పద్ధతి కాబోలు.

పావనిని అడిగాను, ఎంత దూరం నడవగలవని.

"కిలోమీటర్లు నాకు తెల్దు మాస్టారూ. ఇక్కణ్ణించి రేషను షాపు దాకా ఎల్తాను. మజ్జిలో రెండుసార్లు కూకుంటాను. కూకున్నాక మల్లీ ఎల్తాను. కూకోడానికి సోటుంటే ఎంత దూరమైనా పరవానేదు."

"ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేం?"

"ఇన్నాల్లూ ఎవులైనా అడిగినారేటి?"

టీలో చక్కెర ఎక్కువే వేసింది ముసలమ్మ. గ్లాసు ఖాళీ చేసి లేచాను.

ఇంటికెళ్ళి పాత టైమ్‌టేబుల్ చింపేశాను. కొత్త కాగితం మీద మొదటి మాటగా "కూర్చునే చోట్లు" అని రాశాను. కొత్త మాస్టార్లూ, మీరు ఇంకేమీ గుర్తు పెట్టుకోకపోయినా ఇది పెట్టుకోండి. నడకకు దూరం రెండో లెక్క.

గోతుల గొప్పతనం

వానాకాలం వెళ్ళాక, ఆదివారాలు నిమాయ్ దాతో కలిసి దారి వెతికాను. ఏ కాలంలో పిల్లల్ని తీసుకెళ్తామో ఆ కాలంలోనే, ఏ గంటకు నడుస్తారో ఆ గంటకే వెళ్ళి చూడాలని ఏప్రిల్ నేర్పింది కదా. నడక జనవరిలో అనుకున్నాం కాబట్టి డిసెంబరులో మొదలుపెట్టాం.

దొరికిన దారి మొత్తం రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ. నవ్వకండి. ఆ రెండింట్లో ఐదు లోకాలు ఉన్నాయి.

మొదట క్వార్టర్ల వెనక, బళ్ళు మానేసిన పాత లైను గట్టు. పట్టాలు ఎప్పుడో తీసేశారు. గడ్డి, సీతాకోకచిలుకలు, తొండలు. బళ్ళు నడిచే లైను పక్కకు పిల్లల్ని ఎన్నడూ తీసుకెళ్ళకండి. రైల్వే పిల్లలకి పట్టాలంటే భయం ఉండదు, అందుకే మనం భయపడాలి. గట్టు దిగితే గోతులు. వెనకటికి లైను గట్టు పొయ్యడానికి పక్కనే మట్టి తవ్వుకున్నారు. ఆ గోతుల్లో వానలు నిలిచి చెరువులయ్యాయి. కలువలు, తూనీగలు, లకుముకి పిట్టలు. మన రైల్వేవాళ్ళు మట్టి తీసుకుపోయి, తెలియకుండానే కప్పలకి క్వార్టర్లు కట్టించి ఇచ్చారు. జీతంలో అద్దె కోత కూడా లేదు. గోతులు దాటాక ఎర్ర గరప మెరక, మెల్లగా పైకి లేస్తుంది. మెరక మీద సాల్ చెట్లు, మనిషెత్తు చెదపుట్టలు. ఆ దిగువ కోసేసిన వరి మళ్ళు, ఊరు.

మధ్యలో ఒకచోట మట్టి రోడ్డు అడ్డంగా వస్తుంది. అక్కడికి టోటో వస్తుంది. మన వైపు తెలియనివాళ్ళకి చెబుతున్నాను, బ్యాటరీ రిక్షా. ఎవరికైనా చాలనిపిస్తే అక్కడ ఎక్కి వెళ్ళిపోవచ్చు. సిగ్గుపడకుండా వెనక్కి తిరిగే వీలు లేని నడక సులువైనది కాదు, అది శిక్ష.

కూర్చునే చోట్లు ఐదు దొరికాయి. ఆరోది లేని చోట నిమాయ్ దా పడిపోయిన తాటి మాను ఒకటి ఊళ్ళోవాళ్ళ చేత దొర్లించి పెట్టించాడు.

తర్వాత పావనినీ, తోడుగా నాయనమ్మనీ తీసుకుని ఒకసారి నడిచి చూశాం. ఎవరి కోసం ప్లాను వేస్తున్నామో వాళ్ళు లేకుండా వేసే ప్లాను ఉత్త ముగ్గు. ముసలమ్మ గోతుల దగ్గర ఆగిపోయి కొంగులో ఆకులు కోయడం మొదలుపెట్టింది.

"ఇదేటి సూసినారా మాస్టారూ? పొన్నగంటి కూర. ఇన్నేల్లు బజార్ల కొనుక్కుని సచ్చినాను."

"అమ్మా, ఇది పాఠం, కూరల బజారు కాదు" అన్నాను.

"పాటం తిని బతుకుతారేటి?" అంది. ఆ రోజు నేను చెప్పిన వృక్షశాస్త్రం కంటే ఆవిడ చెప్పిందే ఎక్కువ. నాకు లాటిన్ పేర్లు వచ్చు, ఆవిడకి ఉడికే సమయాలు వచ్చు.

మెరక సగం దాటాక, ఇంకా తడి ఆరని గరప మీద పావని నిలబడిపోయింది. "మాస్టారూ, ఈ ఎర్ర బొత్తాలేటి?"

చొక్కా బొత్తాం అంత మొక్కలు, నేలకు అతుక్కుని, వెంట్రుకల చివర జిగురు చుక్కలతో. ఒకదానికి దోమ అంటుకుని ఉంది. పురుగుల్ని తినే మొక్క. ఇరవై మూడేళ్ళు నల్లబల్ల మీద బొమ్మ వేసి, ఇది ఎక్కడో దూరదేశాల్లో ఉంటుందన్నట్టు చెప్పాను. ఆ డిసెంబరులోనే మూడు ఆదివారాలు దాన్ని తొక్కుకుంటూ పోయాను. ఆ పిల్ల అడుగు చూసుకుని వేస్తుంది కాబట్టి చూసింది. అంతకంటే దీంట్లో మహత్తు ఏమీ లేదు. నేను చూడలేదన్నదే సిగ్గు.

ఐదుసార్లు కూర్చుని, ఊరి దాకా వచ్చేసింది. "సరిపోయింది మాస్టారూ" అంది. నాకు కావలసిన సర్టిఫికెట్ అదే.

గౌరవంగా ఉండే దారి

హెడ్మాస్టరుగారి గురించి అన్యాయంగా రాయకూడదు. బడికి ఫ్యాన్లు తెచ్చారు, కొత్త బల్లలు తెచ్చారు, ఆఫీసుల్లో ఆయన మాట చెల్లేది. కానీ ఏ కాగితమూ చదివేవారు కాదు, ఏ చోటూ ముందుగా చూసేవారు కాదు. ఈ రెండు గుణాలూ ఉన్న పైఅధికారి మీకు తప్పకుండా తగులుతాడు. మొదటి గుణం మీకు కష్టం, ఒక్కోసారి లాభం కూడా.

నడకకు పచ్చజెండా ఊపడానికి ఒక పెద్దాఫీసరు వస్తారని తెలియగానే ఆయన నన్ను పిలిచారు.

"గోతులేమిటండీ మాస్టారూ? ఆఫీసరుగారు వస్తుంటే గోతుల పక్కన మొదలుపెడతామా? మెయిన్ రోడ్డు మీద బ్యానరు పట్టుకుని పార్కు దాకా వెళ్దాం. గౌరవంగా ఉంటుంది."

ఆ రోడ్డు నాలుగు కిలోమీటర్లు. లారీలు. కూర్చోడానికి ఒక్క రాయి లేదు. ఆ పార్కులో ఉన్న ఒకే ఆవాసం సిమెంటు ఏనుగుది.

నా సర్వీసు మొత్తం మీద నాకు మూడుసార్లే ధైర్యం వచ్చింది. అందులో రెండుసార్లు జ్వరంలో ఉన్నాను. మూడోది ఇది.

"ఆ రోడ్డు మీద పావని నడవలేదు సార్."

"ఒక్క పిల్ల కోసం నలభై రెండు మందిని గోతుల్లోకి దించుతారా?"

"నలభై రెండు మందిని కిందటి ఏప్రిల్లో ఎండలోకి దించింది నేనే సార్. అప్పుడు ఎవరినీ అడగలేదు. ఈసారి ఆ ఒక్క పిల్లని అడిగి వేశాను. తనకి సరిపోయింది, కాబట్టి అందరికీ సరిపోతుంది. రోడ్డు మీదైతే తను మళ్ళీ ల్యాబులో కూర్చోవాలి. ఈసారి కూర్చోబెట్టడం నా వల్ల కాదు."

"ఏదైనా జరిగితే బాధ్యత మీది."

"బాధ్యత నాదైతే దారి కూడా నాదే సార్."

ఈ మాట నోట్లోంచి వచ్చాక నేనే వెనక్కి తిరిగి చూశాను, ఎవరన్నారా అని. ఆయన పేపరువెయిటు ఠక్కున బల్ల మీద పెట్టారు. "సరే. నేనూ వస్తాను. జరిగేదేదో నా ముందే జరగనివ్వండి" అన్నారు.

జనవరి

పొగమంచు ఇంకా గోతుల మీద ఉండగా అందరం గట్టు దగ్గర చేరాం. హెడ్మాస్టరుగారు కొత్త నల్లబూట్లతో, వెంట ఒక ఫొటోగ్రాఫరుతో వచ్చారు. ఆఫీసరుగారు జెండా ఊపి, పిల్లలతో రెండు మాటలాడి పనిమీద వెళ్ళిపోయారు. అంతా కదిలాం.

గోతుల దగ్గర పిల్లలు నోళ్ళు మూసుకుని కూర్చున్నారు. పావనితో కలిపి నలభై మూడు నోళ్ళు. నేను పాఠం చెప్పబోతే పావని వేలు పెదవుల మీద పెట్టి నన్నే ఊరుకోమంది. లకుముకి పిట్ట నీళ్ళలో దూకి చేపతో లేచింది. దానికి నా వ్యాఖ్యానం అవసరం లేకపోయింది. కొత్తవాళ్ళు ఈ సంగతి నాకంటే త్వరగా నేర్చుకోండి: బయటికి తీసుకెళ్ళాక మాస్టారు మూసుకోవలసింది పుస్తకం ఒక్కటే కాదు.

హెడ్మాస్టరుగారికి ఈ కూర్చోవడాలు నచ్చలేదు. "ఏమిటిది, పది అడుగులకోసారి? పదండి పదండి" అంటూ మెరక మీదికి ముందు నడిచారు. గరప రాళ్ళు గోళీల్లా ఉంటాయి. కొత్త తోలు అట్ట వాటి మీద నిలవదు. రెండుసార్లు జారారు. మడమ కొరుకుతోంది కాబోలు, కుంటడం మొదలుపెట్టారు. సగం మెరకలో చెదపుట్ట పక్కన ఒక బండ మీద కూలబడి బూటు విప్పేశారు. ముఖమంతా చెమట. జనవరిలో.

పావని తన నడకతో తను వచ్చి ఆయన పక్కన ఆగింది.

"సార్, నీల్లు తాగండి" అని తన సీసా ఇచ్చింది. "తొందరేటి నేదు. మా మాస్టారు టైమ్‌టేబుల్ సింపీసినారు."

ఆయన నీళ్ళు తాగారు. "మీరు వెళ్ళి రండి. నేను ఇక్కడే ఉంటాను" అన్నారు.

"టోటో డాకబో, స్యార్?" అని అడిగాడు నిమాయ్ దా, ఎంతో వినయంగా. టోటో పిలవనా అని. రోడ్డు దాకా చెయ్యి పట్టుకుని దింపి ఎక్కించి వచ్చాడు.

మేం ముందుకు వెళ్ళాం. ఎర్ర బొత్తాల మొక్కల దగ్గర పావని అందర్నీ బోర్లా పడుకోబెట్టింది. "తొక్కితే సంపుతాను" అని వార్నింగిచ్చింది. సాల్ చెట్ల నీడలో ఇంకోసారి కూర్చున్నాం. వరి మళ్ళ గట్టు మీద పిల్లలు వరుసగా నడిచారు. ఊరు చేరేసరికి పావని బూటు మందపాటి అట్ట నిండా ఎర్రమట్టి. అక్కడికి వచ్చి కాచుకున్న నాయనమ్మ కొంగుతో తుడవబోతే, "ఒగ్గీ, ఉండనీ" అని కాలు వెనక్కి తీసుకుంది.

నోటీసు బోర్డు

అక్కడితో ఆగిపోతే నేను ఈ వ్యాసం ఇంత కోపంగా రాయను.

నాలుగో రోజున నోటీసు బోర్డు మీద నివేదిక వేలాడింది. అందులో ఇలా ఉంది: "ప్రధానోపాధ్యాయులు ఆద్యంతం విద్యార్థులకు మార్గదర్శనం చేయుటయే గాక, ఒక వికలాంగ బాలికను స్వయముగా చేయి పట్టుకొని గమ్యమునకు చేర్చిరి." దీని ప్రతి పై ఆఫీసుకి కూడా వెళ్ళింది.

పావని బోర్డు ముందు నిలబడి రెండుసార్లు చదివింది. "ఎవుల సెయ్యి మాస్టారూ? నా సేతులు రెండూ నా కాడే ఉన్నాయి."

ఆ పిల్ల తొమ్మిది నెలలు కాచుకున్న నడక అది. అడుగులన్నీ తనవి. వాటిని తీసి ఒక పెద్దమనిషి తన ఖాతాలో వేసుకున్నాడు. పని దొంగిలించేవాళ్ళని నేను చాలామందిని చూశాను, మన ఉద్యోగాల్లో అది చలికాలపు దగ్గులాంటిది. కానీ ఒక పిల్ల నడకను దొంగిలించడం అప్పుడే చూశాను. రాత్రికి రాత్రే ఒక ఫిర్యాదు రాశాను. పొద్దున్నే చదివితే అందులో నా బాధే ఎక్కువ కనిపించింది, పావని కనిపించలేదు. చించేశాను.

బదులుగా ఎనిమిదో తరగతి చేత మ్యాపు గీయించాను. దారి, గోతులు, మెరక, చెట్లు, మళ్ళు. కూర్చున్న చోట్లకి పేర్లు పెట్టాలి కదా అన్నారు పిల్లలు. రైల్వే పిల్లలు, ఆగిన చోటల్లా హాల్టే. ఎవరు మొదట కూర్చుంటే వాళ్ళ పేరు అని వాళ్ళే నియమం పెట్టుకున్నారు. గోతుల దగ్గరిది నాయనమ్మ హాల్ట్. తాటి మాను నిమాయ్ దా హాల్ట్. సాల్ చెట్ల కిందిది పావని హాల్ట్. గట్టు దిగే చోట నా పేరు పెట్టారు; నేను అక్కడ కూర్చున్నది జారిపడి, అయినా నియమం నియమమే. మెరక మీది బండ దగ్గరికి వచ్చేసరికి అందరూ నా ముఖం చూశారు.

"అది వదిలెయ్యండి" అని అనవచ్చు. పెన్ను తీసుకుని నేనే రాశాను. స్టేషను బోర్డులా పసుపు రంగు మీద నల్ల అక్షరాలతో, తెలుగులో, బెంగాలీలో, హిందీలో: హెడ్మాస్టర్ హాల్ట్.

మ్యాపు గురించి విని ఆయన సంతోషించి, పెద్ద ఫ్లెక్సీగా వేయించి హాల్లో పెట్టమన్నారు, పైన తన ఫొటోతో. అచ్చుకు ముందు కాగితం రెండుసార్లు ఆయన బల్ల మీద పెట్టాను. రెండుసార్లూ దిద్దింది ఒక్కటే, ఫొటో సైజు.

ఆవిష్కరణకు అదే ఆఫీసరుగారు వచ్చారు. విజయనగరం వైపు మనిషి, ఏదైనా చదివితే పూర్తిగా చదివే రకం. వేలు పెట్టి గట్టు నుంచి ఒక్కొక్క పేరూ చదువుకుంటూ మెరక దాకా వచ్చి ఆగారు.

"హెడ్మాస్టర్ హాల్ట్ ఏమిటండీ?"

హెడ్మాస్టరుగారు అప్పుడే మొదటిసారి ఆ మ్యాపు చదివారు. ముఖం స్టేషను బోర్డు రంగుకి తిరిగింది. నా వైపు చూశారు. నేను చెప్పవచ్చు. కానీ ఆ నడక నాది కాదు కదా.

"పావని చెబుతుంది సార్" అన్నాను.

పావని వెనక బల్ల మీంచి లేచి, తొందర లేకుండా నడిచి ముందుకు వచ్చింది.

"ముందుగాల ఎవులు కూకుంటే ఆల పేరు సార్" అంది. "అక్కడ ఆయిన కూకున్నారు. నాను కూకోనేదు."